32 వేల డాలర్ల ఆశ: అమెరికా తెలుగు సంఘాలకూ, ట్యాక్స్ ప్రిపేరర్లకూ ఒక బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, తెలుగువారి రిటర్నులు ఫైల్ చేసే ట్యాక్స్ ప్రిపేరర్లకు, ఊరూరా వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లకు,

నమస్కారం.

ఇక్కడ మనవాళ్ళకి ఏ ఆపద వచ్చినా ముందు పరిగెత్తుకొచ్చేది మీరే. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను వారమంతా ఐటీ ఉద్యోగం చేసుకుంటూ, ట్యాక్స్ సీజన్‌లో శనివారాలు డాలస్ దగ్గర ఒక లైబ్రరీలో విటా వాలంటీరుగా కూర్చుంటాను. విటా అంటే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ అండతో నడిచే ఉచిత ట్యాక్స్ సేవ. ఒక పరిమితి లోపు (2025లో అది ఏడాదికి సుమారు 67 వేల డాలర్లు) ఆదాయం ఉన్నవాళ్ళకి పైసా తీసుకోకుండా రిటర్న్ తయారుచేసి పెడతాం. తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడని విని మనవాళ్ళు చాలామంది వస్తారు. ఊబర్, లిఫ్ట్ నడిపేవాళ్ళు, డోర్‌డాష్ చేసేవాళ్ళు, ఇంట్లో టిఫిన్లు, పచ్చళ్ళు చేసి అమ్మే ఆడవాళ్ళు, కూచిపూడి నేర్పే టీచర్లు, ఫంక్షన్లకి డెకరేషన్ చేసేవాళ్ళు. ఈమధ్య కొందరు రిటర్న్ కోసం కాకుండా చేతిలో ఐఆర్‌ఎస్ కవరు పట్టుకుని వస్తున్నారు. నోటీసులకు జవాబు రాయడం విటా పరిధిలో లేదు. అయినా "ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పు నాయనా" అని అడిగితే చదవకుండా ఎలా ఉంటాం?

చదివితే చాలాసార్లు ఒకటే కథ. "సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ క్రెడిట్", అంటే సొంతంగా పనిచేసుకునేవాళ్ళకి పన్నులోంచి తిరిగొచ్చే డబ్బు, ఇప్పిస్తామని ఎవరో చెప్పారు, వీళ్ళు సంతకం పెట్టారు, డబ్బు వచ్చింది, ఇప్పుడు వెనక్కి కట్టమంటున్నారు.

దీని గురించి మా ప్రాంతంలోని ఒక సంఘానికి పోయిన సీజన్‌లోనే రాశాను. జవాబు రాలేదు. ఈ క్రెడిట్ ఇప్పిస్తానని గ్రూపులో ప్రకటన వేసిన ఒక ప్రిపేరర్ గురించి అక్కడి అడ్మిన్‌ని అడిగితే "ఆయన మనకి స్పాన్సరండీ, ఇప్పుడు ఏమంటాం" అన్నారు. ఆ ప్రకటన ఇచ్చిన ప్రిపేరర్‌కి మర్యాదగానే మెసేజ్ పెట్టాను, బ్లాక్ చేశారు. విడివిడిగా చెప్పి చూడటం అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. పేర్లు రాయాల్సిన చోటు వేరే ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఆ ప్రకటన ఎలా ఉంటుందో చూడండి. నాకు ఫార్వర్డ్ అయి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్ ఇంచుమించు ఇలా సాగుతుంది: "అన్నా, నమస్తే. కోవిడ్ టైమ్‌లో నువ్వు 1099 మీద పనిచేసినవ్ కదా? గవర్నమెంట్ నీకు 32 వేల డాలర్ల దాకా బాకీ ఉందన్నా. మీ సీపీఏలకి ఇది తెల్వదు. పాత రిటర్న్ పీడీఎఫ్, డ్రైవింగ్ లైసెన్స్ ఫొటో పంపు చాలు, మిగతాదంతా మేం చూసుకుంటం. వచ్చినదాంట్లో మాకు 25 పర్సెంట్." (1099 మీద అంటే ఉద్యోగిగా కాకుండా సొంతంగా పనిచేయడం, సీపీఏ అంటే లైసెన్స్ ఉన్న అకౌంటెంట్.) ఎంత ఆప్యాయంగా ఉంది చూడండి. సొంత తమ్ముడు కూడా అంత ఓపిగ్గా మాట్లాడడు.

ఇప్పుడు నిజం చెప్పుకుందాం. ఆ పేరుతో ఏ క్రెడిట్టూ లేదని ఐఆర్‌ఎస్ 2024 జూలైలోనే బహిరంగంగా హెచ్చరించింది. 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన "డర్టీ డజన్" మోసాల జాబితాలోనూ దీన్ని చేర్చింది. అయితే ఈ 32 వేలు గాలిలోంచి పుట్టలేదు. దాని వెనక ఒక అసలు చట్టం ఉంది. మోసం ఇంత సులువుగా నడవడానికి కారణం కూడా అదే.

2020 మార్చిలో వచ్చిన "ఫ్యామిలీస్ ఫస్ట్ కరోనావైరస్ రెస్పాన్స్ యాక్ట్" కింద స్వయం ఉపాధి వాళ్ళకి సిక్ లీవ్, ఫ్యామిలీ లీవ్ క్రెడిట్లు ఇచ్చారు. ఉద్యోగికి కంపెనీ జీతంతో సెలవు ఇస్తుంది, సొంతంగా పనిచేసుకునేవాడికి ఎవరిస్తారు అన్నది దాని ఉద్దేశం. న్యాయమైన ఉద్దేశమే. దానికి వాడేది ఫామ్ 7202. లెక్క ఇదీ: కోవిడ్ వల్ల మీరే క్వారంటైన్‌లో ఉంటే రోజుకి గరిష్ఠంగా 511 డాలర్లు, పది రోజుల వరకు. పిల్లల స్కూలు మూతపడి వాళ్ళని చూసుకోవాల్సి వస్తే రోజుకి గరిష్ఠంగా 200 డాలర్లు. ఇది 2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి దాకా 50 రోజులు, 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మరో 60 రోజులు. రెండో విడతలో ఆ పది రోజుల సిక్ లీవ్ కూడా మళ్ళీ మొదలవుతుంది. మొదటి విడత 15,110, రెండో విడత 17,110, మొత్తం 32,220. ప్రకటనల్లో మోగుతున్న అంకె అదే.

ప్రకటనలో చెప్పనిది ఏమిటంటే, ఆ 511 డాలర్లు అందరికీ ఇచ్చే కూలి కాదు. ఏడాది నికర సంపాదనని 260తో భాగిస్తే వచ్చేది మీ రోజు సంపాదన. మీ జబ్బుకి అంతవరకే, కుటుంబాన్ని చూసుకున్న రోజులకి అందులో 67 శాతమే. రోజుకి 511 రావాలంటే ఖర్చులు పోగా ఏడాదికి దాదాపు 1,33,000 డాలర్లు మిగలాలి. ఊబర్ నడిపి ఆ కోవిడ్ ఏడాదిలో అంత మిగుల్చుకున్న మనిషి మీకు తెలిస్తే నాకు పరిచయం చేయండి, నేనూ ఉద్యోగం మానేసి కారు తీస్తాను.

నికరంగా 26 వేలు మిగిలిన డ్రైవర్‌ని తీసుకోండి. రోజుకి 100 డాలర్లు. మొదటి విడతలో తన జబ్బుకి 1,000, పిల్లల కోసం 3,350. రెండో విడతలో 1,000, ఇంకో 4,020. అన్నీ కలిపితే 9,370. అది కూడా ఆ రెండు విడతల్లో కలిపి 130 పనిదినాలు, సరిగ్గా చట్టం చెప్పిన కారణాలతోనే, పని అసలు చేయలేకపోయి ఉంటేనే. "లాక్‌డౌన్‌లో రైడ్లు లేవు, బేరం పడిపోయింది" అన్నది కారణం కిందికి రాదు. క్వారంటైన్ ఆదేశం ఉండాలి, లేదా డాక్టర్ ఇంట్లో ఉండమని చెప్పి ఉండాలి, లేదా లక్షణాలతో టెస్టుకి తిరుగుతూ ఉండాలి, లేదా అలాంటి మనిషినో స్కూలు లేని పిల్లల్నో చూసుకుంటూ ఉండాలి. ఇంటి నుంచి చేయగలిగే పని చేస్తూ ఉన్నా చెల్లదు. 2020లో మన డ్యాన్స్ టీచర్లంతా జూమ్‌లోకి మారి క్లాసులు చెప్పారు. ఆ రోజులకి ఈ క్రెడిట్ లేదు. కానీ నేను చూసిన ఒక కాపీలో వారానికి నాలుగు జూమ్ క్లాసులు నడిపిన టీచర్‌కి రోజుల గడిలో 10, 50, 60 అని నింపి ఉంది. అలా నింపే ముందు ఆమెని ఒక్క ప్రశ్న కూడా అడగలేదట.

ఇంకో సంగతి. సవరించిన రిటర్న్ వేసి రిఫండ్ అడగడానికి సాధారణంగా మూడేళ్ళే గడువు. 2020 సంవత్సరానికి అది 2024 మే 17తో తీరిపోయింది. 2021కి 2025 ఏప్రిల్ మధ్యలో తీరింది, అప్పట్లో ఎక్స్‌టెన్షన్ తీసుకుని ఆలస్యంగా ఫైల్ చేసిన కొద్దిమందికి ఆ ఏడాది అక్టోబర్ దాకా నడిచింది. ఇక 2022, ఆ తర్వాతి సంవత్సరాలకి ఈ క్రెడిట్ మొదటి నుంచీ లేదు. అయినా 2023 రిటర్నులో, 2024 రిటర్నులో ఫామ్ 7202 పెట్టిన కేసులు వస్తూనే ఉన్నాయి. గడువులో, నిజమైన కారణంతో, కాగితాలు దాచుకుని అడిగినవాళ్ళు తప్పేమీ చేయలేదు. వాళ్ళెవరూ భయపడక్కర్లేదు. నా గొడవ మిగతావాళ్ళ గురించి.

ఈ మోసం మన ఇళ్ళలో ఏం చేస్తోందో వరసగా చెబుతాను.

1. డబ్బు వచ్చింది కాబట్టి సక్రమమే అనుకుంటున్నారు. రిఫండ్ ఖాతాలో పడటం అంటే ఐఆర్‌ఎస్ దాన్ని ఆమోదించినట్టు కాదు. ముందు కంప్యూటర్ పంపిస్తుంది, తర్వాత మనిషి చూస్తాడు. ఈలోపు "మా బావమరిదికి వచ్చింది, నీకూ వస్తుంది" అని ఆ కుటుంబమే ఇంకో పదిమందిని తెచ్చి అప్పగిస్తోంది. ప్రకటనకి అంతకన్నా చవకైన ప్రచారం ఏముంటుంది?

2. చివరికి చేతి నుంచి పోయేది ఎక్కువ. పైన చెప్పిన డ్రైవర్ లెక్కే చూడండి. 9,370 వచ్చింది. అందులో 25 పర్సెంట్, అంటే 2,342 డాలర్లు, ప్రిపేరర్‌కి ఇచ్చాడు. మిగిలింది 7,028. క్లెయిమ్ చెల్లదని తేలితే వెనక్కి కట్టాల్సింది 9,370 మొత్తం. 20 శాతం పెనాల్టీ వేస్తే ఇంకో 1,874. అంటే ఊరికే వచ్చిందనుకున్న డబ్బు మీద అతనికి 4,200 డాలర్ల పైనే నష్టం, వడ్డీ కాకుండా. వడ్డీ 2024లో ఏడాదికి 8 శాతం, 2025లో 7 శాతం, అదీ రోజువారీ చక్రవడ్డీ. క్లెయిమ్‌కి అసలు ఆధారమే లేదని తేల్చి "ఫ్రివలస్" కింద వేస్తే ఒక్కో రిటర్నుకి 5,000 డాలర్ల పెనాల్టీ. 2022 తర్వాత ఇంధన పన్ను క్రెడిట్, ఈ సిక్ లీవ్ క్రెడిట్ తప్పుడు క్లెయిముల మీద 32 వేలకు పైగా పెనాల్టీలు వేశామని, వాటి మొత్తం 162 మిలియన్ డాలర్లు దాటిందని ఐఆర్‌ఎస్ 2025లో చెప్పింది. ప్రకటనలోనూ 32 వేలే, పెనాల్టీలూ 32 వేలే. అనుకోకుండా కుదిరిన అంకె, కానీ నాకు మాత్రం మర్చిపోవడం కుదరడం లేదు.

3. ప్రిపేరర్ ఎక్కడా కనపడడు. కవరు పట్టుకుని వచ్చిన ఒక డ్రైవర్ అన్నని రిటర్న్ కాపీ చూపించమన్నాను. రెండో పేజీ అడుగున, ప్రిపేరర్ సంతకం ఉండాల్సిన గడిలో "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని ఉంది. అంటే కాగితం ప్రకారం ఆయనే స్వయంగా కూర్చుని ఫామ్ 7202 నింపుకున్నాడు. ఆయనకి ఆ ఫామ్ పేరు కూడా నేను చెప్పేదాకా తెలియదు. డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసే ప్రతి ఒక్కరూ ఐఆర్‌ఎస్ దగ్గర పీటిన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి, రిటర్న్ మీద ఆ నంబరు వేసి సంతకం చేయాలి. చేయకపోతే వాళ్ళని ఘోస్ట్ ప్రిపేరర్లు అంటారు. ఆ పీటిన్ కోసం పరీక్షేమీ రాయక్కర్లేదు, ఇరవై డాలర్లలోపు ఫీజు కడితే వస్తుంది. అంత చిన్న బాధ్యత కూడా వద్దనుకున్నారంటే ఎందుకో మీరే ఆలోచించండి.

4. సంతకం పెట్టిన భార్య కూడా ఇరుక్కుంటోంది. మనవాళ్ళు ఎక్కువగా జాయింట్‌గా ఫైల్ చేస్తారు. జాయింట్ రిటర్న్ మీద బాకీ పడితే మొత్తానికి ఇద్దరూ బాధ్యులే, సగం సగం కాదు. చాలా ఇళ్ళలో ఆవిడ ఆ రిటర్న్ చూసి కూడా ఉండదు. "ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పు" అంటే చెప్పింది, అంతే. ఆ తర్వాత వాళ్ళు విడిపోయినా బాకీ ఆవిడ వెంట వస్తుంది. తనకి తెలియదని నిరూపించుకునే దారి, ఫామ్ 8857, ఉంది కానీ అది తేలిగ్గా అయ్యే పని కాదు.

5. వీసా మీద ఉన్నవాళ్ళ సంగతి మరీ ఘోరం. ఈ ఒక్క పాయింటు దగ్గర దయచేసి కాస్త ఆగి చదవండి. 2021లో హెచ్-1బి మీద ఉండి డబ్ల్యూ-2 జీతం (కంపెనీ ఇచ్చే జీతం) తప్ప ఇంకేమీ లేని కుర్రాళ్ళకి కూడా "చిన్న షెడ్యూల్ సి వేద్దాం, కన్సల్టింగ్ ఆదాయం కొంచెం చూపిద్దాం, అప్పుడు క్రెడిట్ వస్తుంది" అని చెబుతున్నారు. షెడ్యూల్ సి అంటే సొంత వ్యాపార ఆదాయం చూపించే ఫామ్. హెచ్-1బి మీద ఉన్నవాడు సొంతంగా పని చేసి సంపాదించాను అని ప్రభుత్వ కాగితం మీద, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ఒప్పుకుంటూ సంతకం పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. చేయని పనిని చేశానని చెప్పడం పన్ను తప్పు. ఒకవేళ నిజంగానే చేశాడనుకుంటే అది అనుమతి లేని పని, ఇమ్మిగ్రేషన్ తప్పు. ఏ వైపు చూసినా దారి లేదు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ ఈఏడీ ఉన్నవాళ్ళు సొంతంగా పని చేసుకోవచ్చు, వాళ్ళకి ఈ రెండో చిక్కు లేదు. కానీ ఆ తేడా అడిగే ఓపిక ఫోన్ చేసినవాళ్ళకి లేదు. రేపు పౌరసత్వానికి ఎన్-400 వేసేటప్పుడు పన్ను బకాయిల గురించి ప్రశ్న ఉంటుంది. పన్నులో ప్రతి పొరపాటూ గ్రీన్‌కార్డుని మింగేస్తుందని నేను అనడం లేదు, అలా భయపెట్టడం కూడా తప్పే. కానీ పదేళ్ళుగా లైన్లో నిలబడ్డ మనిషికి ఈ టెన్షన్ అంటగట్టే హక్కు ఎవరికీ లేదు.

6. అసలు రావాల్సినవి పోతున్నాయి. ఇది ఎవరూ మాట్లాడరు. ఊబర్ అన్నకి మైళ్ళ లెక్క రాసుకోవడం ఎవరూ నేర్పలేదు. 2024లో బిజినెస్ మైలుకి 67 సెంట్లు, 2025లో 70 సెంట్లు ఖర్చుగా చూపించుకోవచ్చు. ఏడాదికి 30 వేల మైళ్ళు తిరిగే మనిషికి అది 20 వేల డాలర్ల పైమాటే. 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కడుతున్నాడు కదా, అందులో సగం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. సొంతంగా కొనుక్కున్న హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా. ఇవి ప్రతి ఏటా వచ్చేవి, చట్టబద్ధమైనవి, నిద్ర పాడుచేయనివి. కానీ వీటిలో ప్రిపేరర్‌కి 25 పర్సెంట్ రాదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లో ఉండవు.

ఇందులో మీ పాత్ర ఏమిటని మీరు అడగొచ్చు. సంక్రాంతి సంబరాలు జనవరిలో, ఉగాది మార్చిలోనో ఏప్రిల్లోనో. మధ్యలో ట్యాక్స్ సీజన్. మన రెండు పెద్ద పండగల స్టేజీల వెనక బ్యానర్లు చూడండి, రియల్ ఎస్టేట్ వాళ్ళ తర్వాత ఎక్కువ కనపడేది ట్యాక్స్ వాళ్ళే. నిజాయితీగా పనిచేసే తెలుగు సీపీఏలు, ఎన్‌రోల్డ్ ఏజెంట్లు (ఐఆర్‌ఎస్ లైసెన్స్ ఉన్న ట్యాక్స్ నిపుణులు) బోలెడుమంది ఉన్నారు, వాళ్ళ బ్యానర్ ఉండటంలో తప్పేం లేదు. కానీ జనం చూసేది సంఘం లోగో పక్కన ఉన్న పేరుని. "సంఘంవాళ్ళే పిలిచారు కదా, మంచోళ్ళే అయి ఉంటారు" అన్న మాట నా టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళ నోట వింటూనే ఉంటాను. ఆ నమ్మకం మీది. దాన్ని స్పాన్సర్ ప్యాకేజీతో పాటు అమ్మేస్తున్నారు, బహుశా తెలియకుండానే.

హైదరాబాద్ సంగతి కూడా చెప్పాలి. జనవరి రాగానే ఇక్కడివాళ్ళకి అక్కడి ఆఫీసుల నుంచి ఫోన్లు మొదలవుతాయి, నైట్ షిఫ్టులో కూర్చున్న పాతికేళ్ళ పిల్లలు అమెరికా నంబర్ కనపడేలా చేస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, టార్గెట్ ఇచ్చి కూర్చోబెడితే వాళ్ళేం చేస్తారు. వాళ్ళ చేత స్క్రిప్ట్ చదివించే యజమానులకే ఈ మాట. ఇండియాలో కూడా ఇదే రోగం ముదిరింది. తప్పుడు మినహాయింపులు చూపించి రిఫండ్లు ఇప్పించే కన్సల్టెంట్ల మీద 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేలమంది రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడు చెప్పారు. అక్కడా ఇక్కడా మాట ఒకటే: "అందరూ చేస్తున్నారు, ఏం కాదు."

అందుకని మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి.

సంఘాలని:

1. ట్యాక్స్ వ్యాపారం చేసే ఎవరి దగ్గరైనా స్టాల్‌కి, బ్యానర్‌కి, సావనీర్ ప్రకటనకి డబ్బు తీసుకునే ముందు పీటిన్ నంబరు, సీపీఏ అయితే లైసెన్స్ నంబరు అడిగి సరిచూడండి. రిఫండ్‌లో వాటాని ఫీజుగా తీసుకోబోమని, ప్రతి రిటర్న్ మీదా సంతకం పెడతామని రాయించుకోండి. రాయనంటే ఆ స్పాన్సర్‌షిప్ వద్దనండి.

2. ఈ క్రెడిట్ ప్రకటనలు ఇప్పటికే మీ వేదికల మీద, మీ గ్రూపుల్లో వచ్చి ఉంటే, వచ్చాయని ఒప్పుకుని సభ్యులందరికీ ఒక హెచ్చరిక పంపండి. ఎవరి ప్రకటన అన్నది చెప్పకపోయినా పరవాలేదు, ఇది తప్పుడు క్లెయిమ్ అని మాత్రం తెలుగులో స్పష్టంగా చెప్పండి. ఇంగ్లీషులో ఐఆర్‌ఎస్ ఎప్పుడో చెప్పింది, మనవాళ్ళకి చేరలేదు.

3. ఉగాది కార్యక్రమంలో సినిమా పాటలకి రెండు గంటలు ఇస్తున్నారు. ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. మాట్లాడటానికి మనిషి కావాలంటే నేను వస్తాను, శాలువా అక్కర్లేదు.

ప్రిపేరర్లని:

4. సంతకం పెట్టండి. క్లయింటుకి పూర్తి కాపీ ఇవ్వండి. రిఫండ్ నేరుగా క్లయింటు ఖాతాలోకే వెళ్ళాలి, మీ ఖాతా గుండా కాదు.

5. మీరు వేసిన ఫామ్ 7202 క్లెయిముల్లో చెల్లనివి ఏవో మీకు తెలుసు. ఆ క్లయింట్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి, సవరించిన రిటర్న్ (ఫామ్ 1040-ఎక్స్) ఉచితంగా వేసి పెట్టండి, తీసుకున్న వాటా తిరిగి ఇచ్చేయండి. ఇది దయ కోసం అడగడం కాదు. తెలిసి గానీ, నిర్లక్ష్యంగా గానీ తప్పుడు రిటర్న్ తయారుచేసిన ప్రిపేరర్ మీద ఒక్కో రిటర్నుకి 5,000 డాలర్లు, లేదా ఆ పని మీద సంపాదించినదాంట్లో 75 శాతం, ఏది ఎక్కువైతే అది పెనాల్టీ పడుతుంది. క్లయింట్ల కన్నా ముందు మీ మేలు కోసమైనా చేయండి.

6. క్లయింటు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ రిటర్న్ వివరాలు హైదరాబాద్ ఆఫీసుకి పంపకండి. అది మర్యాద విషయం కాదు, చట్టం.

అడ్మిన్లని:

7. అలాంటి మెసేజ్ కనపడితే డిలీట్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. తప్పుడు పన్ను పథకాలని ప్రచారం చేసేవాళ్ళ మీద ఫామ్ 14242 వేయొచ్చు, దానికి ఆధారం కావాలి. ఆ తర్వాత ఈ క్రెడిట్ లేదని ఒక మెసేజ్ పిన్ చేయండి. రాజకీయాలు మాట్లాడితే నిమిషంలో తీసేసే మీకు ఇది కష్టమేమీ కాదు.

ఇప్పటికే క్లెయిమ్ చేసినవాళ్ళు కూడా ఇది చదువుతూ ఉంటారు, వాళ్ళకో నాలుగు మాటలు. కవరు విప్పకుండా డ్రాయర్‌లో పడేయకండి. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ తెరిచి ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకుంటే మీ పేరు మీద ఏం ఫైల్ అయిందో కనపడుతుంది. నోటీసు రాకముందే సవరించుకుని కట్టేస్తే చాలావరకు అక్కడితో తేలిపోతుంది. "ఫ్రివలస్" నోటీసు వస్తే సరిదిద్దుకోవడానికి సాధారణంగా 30 రోజుల గడువు ఇస్తారు, ఆ తేదీ దాటనివ్వకండి. ఆదాయం తక్కువైతే లో ఇన్‌కమ్ ట్యాక్స్‌పేయర్ క్లినిక్‌లు ఉచితంగానో నామమాత్రపు ఫీజుకో మీ తరఫున మాట్లాడతాయి, తెలుగు దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకండి. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగొచ్చు. ఇక ఆ నోటీసు "మేనేజ్ చేస్తాం" అని మళ్ళీ ఫీజు అడుగుతూ అదే మనిషి ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయండి.

ఉగాది కార్యక్రమాల స్పాన్సర్ల జాబితా ఖరారయ్యేలోపు సంఘాల నుంచి రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. వచ్చిన జవాబుని వచ్చినట్టే ప్రచురిస్తాను, రాకపోతే రాలేదనీ రాస్తాను. సంతకం లేకుండా ఫైల్ చేసిన ప్రిపేరర్ల మీద ఫిర్యాదు చేయడానికి ఫామ్ 14157 ఉంది, క్లయింటుకి తెలియకుండా రిటర్న్‌లో అంకెలు మార్చి ఉంటే దానికి 14157-ఎ. పేర్లు రాయాల్సిన చోటు అన్నాను కదా, అదే. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరు వాటిని నింపడానికి ఒప్పుకున్నారు. ప్రిపేరర్లు ఐదో పాయింటులో అడిగినట్టు డబ్బు తిరిగిచ్చి రిటర్నులు సరిచేస్తే సంతోషం. లేకపోతే సీజన్ ముగిసేలోపు ఆ ఫారాలు పోస్టులో వెళ్తాయి.

ఇట్లు,
ఒక తెలుగు విటా వాలంటీర్,
డాలస్, టెక్సస్